వీధిలో బ్రతుకుచున్న సంగీతము: న్యూ ఆర్లియన్సు నగర కథ

పెండ్లి ఊరేగింపునకు ముందు నడిచెడి బ్యాండు మేళమును చూడని విద్యార్థి మనలో ఉండడు. మెఱసెడి ఇత్తడి బాకాలు, ఒకని మెడనుండి వ్రేలాడు పెద్ద డోలు, ముందు వరుసలో క్లారినెట్టు - ఈ దృశ్యము మనకు చిరపరిచితమే. ఆ వాద్యములు సైనిక పటాలముల నుండి మన వీధులలోనికి దిగివచ్చినవి. అట్టి వాద్యములే, అట్టి వీధి ఊరేగింపులలోనే, అమెరికా దేశమున ఒక నగరములో ఒక క్రొత్త సంగీతమునకు ప్రాణము పోసినవి. ఆ సంగీతము పేరు జాజ్. ఆ నగరము న్యూ ఆర్లియన్సు.

జాజ్ పుట్టి నూఱేండ్లు దాటినది. అయినను ఆ నగరమున దాని పాత బాణీ నేటికిని కచేరీశాలలలోనే గాక వీధులలోను, చర్చీల ముంగిళ్లలోను, శ్మశానమునకు పోవు దారులలోను వినబడుచున్నది. ఆ సంగీతము ఎట్లు పుట్టెను, దాని నడక యెట్టిది, అంతరించిపోవునేమో యని పలుమాఱులు తోచినను అది యెట్లు నిలిచెను - ఈ మూడు సంగతులను ఈ వ్యాసమున వివరింపదలచితిమి. మూడవ సంగతి మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ప్రత్యేకముగ ఆలోచింపదగినది.

పలు జాతుల రేవు పట్టణము

మిసిసిపీ మహానది సముద్రమును చేరుటకు ముందు పెద్ద వంపు తిరిగెడి చోట 1718లో ఫ్రెంచివారు ఈ పట్టణమును స్థాపించిరి. కొంతకాలమునకు అది స్పెయిను దేశీయుల పాలనలోనికి పోయెను. మఱల ఫ్రాన్సుకు దక్కెను. తుదకు 1803లో లూయీసియానా ప్రాంతమంతటితో పాటు అమెరికా ప్రభుత్వము దీనిని కొనెను. మన యానాములో 1954 వఱకు ఫ్రెంచి పాలన సాగినది. పాలన మాఱినంత మాత్రమున మాటలు, విందులు, పండుగలు వెంటనే మాఱవని ఆ యూరి ముచ్చటలు వినినవారికి తెలియును. న్యూ ఆర్లియన్సులోను అట్లే జరిగెను. అమెరికా జెండా ఎగిరిన తరువాతను ఆ నగరవాసులలో పెక్కుమంది ఫ్రెంచి భాషలోను, దానినుండి పుట్టిన క్రియోల్ భాషలోను మాటలాడుచునే యుండిరి.

ఆ నగర సంపద బానిసల చెమటతో పెరిగినది. ఆఫ్రికా ఖండము నుండి ఓడలలో బంధించి తెచ్చిన ప్రజలకు ఆదివారమొక్కటే కొంత విడుపు. ఆనాడు వారు గుమిగూడుటను 1817లో నగర పాలకులు ఒక చట్టముచే ఒకే స్థలమునకు పరిమితము చేసిరి. ఆ మైదానమే కాంగో స్క్వేరు. అమెరికాలోని ఇతర ప్రాంతములలో అనేకచోట్ల బానిసలు డోళ్లు మ్రోగించుటయే నిషిద్ధము; ఇచ్చట మాత్రము వారు తమ డోళ్లను మ్రోగించుచు, వలయములుగ నిలిచి, తమ పూర్వుల నృత్యముల నాడిరి. ఆ మైదానము నేడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగు పేరుగల ఉద్యానవనములో ఒక భాగము.

ఆ నగరమున మఱియొక వర్గము కలదు. వారు ఫ్రెంచి భాష మాటలాడెడి మిశ్రమజాతి క్రియోలులు. వారిలో పలువురు బానిసత్వము రద్దగుటకు ముందే స్వతంత్రులు. చేతిపనులలోను వర్తకములోను నేర్పరులు. పిల్లలకు గురువులను పెట్టి, స్వరలిపి చదువుటయు, వయొలిను, క్లారినెట్టు వాయించుటయు నేర్పించెడివారు. ఊరి ఎగువ భాగమున నివసించిన నీగ్రో కూలిజనులకు అట్టి చదువు లేదు. వారికి చర్చి కీర్తనలు, కష్టగీతములైన బ్లూసు పాటలు, చెవితో విని నేర్చిన విద్య - ఇవియే సంగీతము.

ఈ రెండు వర్గములను ఒకచోటికి త్రోసినది ఒక అన్యాయము. 1890 మొదలుకొని లూయీసియానాలో జాతి భేద చట్టములు వచ్చెను. ఈ నగరపు క్రియోలు, చెప్పులు కుట్టు వృత్తివాడైన హోమర్ ప్లెస్సీ 1892లో తెల్లవారి రైలుపెట్టెలో కూర్చుండి అరెస్టయ్యెను. 1896లో అమెరికా సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకముగ తీర్పు చెప్పెను. దానితో స్వరలిపి చదువనేర్చిన క్రియోలులును, చెవితో వాయించెడి నీగ్రోలును చట్టము దృష్టిలో ఒక్కటైరి. ఒకే మేళములో కూర్చుండి జీవనము వెదుకుకొనవలసిన వారైరి. ఒకరి శిక్షణయు, ఒకరి ఆవేశమును కలియుట జాజ్ పుట్టుకకు ఒక ముఖ్యకారణమని చరిత్రకారులు పలువురు చెప్పుదురు.

రాగ్‌టైము అనగా నేమి?

జాజ్‌కు పెద్దక్క వంటిది రాగ్‌టైము. ఇందలి 'రాగ్' అను పదమునకు మన రాగముతో ఎట్టి సంబంధమును లేదు. చిరిగిన గుడ్డపేలికకు ఇంగ్లీషులో 'రాగ్' అని పేరు. లయ సాఫీగా సాగక, చిరుగులు పడినట్లు తెగి తెగి నడచుటచే ఈ పేరు వచ్చెనని సాధారణముగ చెప్పుదురు.

దీని మర్మము గ్రహించుట కష్టము కాదు. పియానోపై ఎడమచేయి కవాతు నడకవలె నిలుకడగా దెబ్బ వేయుచుండును. కుడిచేతి పాట మాత్రము ఆ దెబ్బతో సరిగా కలియదు. ఒకమాఱు అరక్షణము ముందు పడును, ఒకమాఱు వెనుక పడును. కర్ణాటక సంగీతము నేర్చుకొనువారు సమ, అతీత, అనాగత గ్రహములను గూర్చి విని యుందురు. తాళము ఒకచోట పడగా పాట దానికి ముందో వెనుకనో ఎత్తుకొనుట మనకు క్రొత్త కాదు. మన పద్ధతిలో అది ముఖ్యముగ ఎత్తుగడకు సంబంధించినది. రాగ్‌టైములో ఆ తూగు పాట పొడవునను నడచును. విద్యార్థులు ఎడమచేతితో బల్లపై నిలుకడగా తాళము వేయుచు, కుడిచేతితో రెండు దెబ్బల నడుమ మాత్రమే తట్టి చూచినచో దీని రుచి వెంటనే తెలియును.

ఈ బాణీకి రాజు స్కాట్ జాప్లిన్. ఆయన తండ్రి ఒకప్పుడు బానిస. మిస్సోరీ రాష్ట్రమున సెడేలియా అనెడి రైల్వే పట్టణములో 1899లో అచ్చయిన 'మేపుల్ లీఫ్ రాగ్' ఆయనకు ఖ్యాతి తెచ్చెను. రాగ్‌టైము మిస్సోరీలో అచ్చయినను న్యూ ఆర్లియన్సు మేళములు దానిని తమదిగా చేసికొనినవి. జాన్ రాబిషో అనెడి క్రియోలు విద్వాంసుని వాద్యబృందము అచ్చు ప్రతులను చూచి శ్రద్ధగా వాయించుచుండెను. చదువు రాని మేళములు అవే పాటలను చెవితో విని, ఇష్టము వచ్చినట్లు సాగదీసి, మలుపులు త్రిప్పి వాయించెడివి.

ఈ మార్పును మన చెవికి పట్టించు సాక్ష్యమొకటి కలదు. ఈ నగరమున పుట్టిన పియానో విద్వాంసుడు జెల్లీ రోల్ మోర్టన్ 1938లో వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమున తన జ్ఞాపకములను రికార్డు చేయించెను. అప్పుడాయన 'మేపుల్ లీఫ్ రాగ్'ను మొదట మిస్సోరీవారి పద్ధతిలోను, పిదప న్యూ ఆర్లియన్సు పద్ధతిలోను వాయించి చూపెను. మొదటిది అచ్చుప్రతివలె పొందికగా నడచును. రెండవదానిలో అదే పాట ఊయెలవలె ఊగును. ఆ ఊపే జాజ్. అన్నట్లు, జాజ్‌ను తానే 1902లో కనిపెట్టితినని మోర్టన్ చాటుకొనెను. ఆయన బాప్తిస్మ పత్రము ననుసరించి అప్పటికాయన వయస్సు పండ్రెండేండ్లు మించదు!

మేళములో ఎవరి పని యేమి?

పాత న్యూ ఆర్లియన్సు జాజ్ మేళమున ముందు వరుసలో మూడు వాద్యములుండును. కార్నెట్టు, లేక ట్రంపెట్టు, పాట యొక్క ప్రధాన వరుసను గట్టిగా పలుకును. క్లారినెట్టు దాని చుట్టును పైస్థాయిలో తీగవలె అల్లుకొనును. గొట్టమును ముందు వెనుకలకు జరుపుచు వాయించెడి ట్రాంబోను క్రిందిస్థాయిలో బరువైన జవాబులు చెప్పును. వెనుక వరుసలో డోళ్లు, బాంజో, ట్యూబా లేక పెద్ద తంత్రీవాద్యము, పియానో లయను మోయును. ఊరేగింపులో పియానో యుండదు గదా. అప్పుడు డోళ్లును ట్యూబాయుమే ఆధారము.

ఇందలి విశేషమేమనగా, ముందు వరుసవారు మువ్వురును ఒకేసారి మనోధర్మముతో వాయింతురు. ఒకని మాటకు ఒకడు అడ్డు రాకుండ, ఒకని ఖాళీని ఒకడు నింపుచు సాగవలెను. మువ్వురు అన్నదమ్ములు ఒకే కథను ఒకేసారి చెప్పుచు, వినువారికి గందరగోళము కలుగకుండ చెప్పుట వంటిది ఈ విద్య. ఇది కాగితముపై చూచి నేర్చునది కాదు. పెద్దల ప్రక్క నిలిచి, వారు ఎక్కడ ఆగిరో, ఎక్కడ అందుకొనిరో చూచి నేర్చునది.

మృతునికి వీడ్కోలు, బ్రతుకునకు స్వాగతము

ఈ నగరపు నల్లవారు సహాయ సంఘములను స్థాపించుకొనిరి. నెలనెల కొంత చందా చెల్లించిన సభ్యునికి జబ్బు చేసినచో మందులు, మరణించినచో గౌరవముగ అంత్యక్రియలు ఆ సంఘము జరిపించును. ఆ గౌరవములో బ్యాండు మేళము ఒక భాగము. మేళము శ్మశానము వఱకు మెల్లని అడుగులతో, డోలు గొంతు నొక్కి, చర్చి కీర్తనలను విషాదముగ వాయించుచు నడచును. మృతుని సాగనంపిన పిదప, శ్మశానము దాటి కొంత దూరము వచ్చి, డోలు ఒక్కసారి ఉరుమును. మేళము అవే చర్చి పాటలను హుషారుగా అందుకొనును. వెనుక నడచెడి జనము గొడుగులు త్రిప్పుచు, చేతిరుమాళ్లు ఊపుచు నృత్యము చేయుదురు. కుటుంబము, సంఘము, మేళము మొదటి వరుస. వెంబడించెడి ఊరంతయు రెండవ వరుస. అందుచేతనే ఆ ఊరేగింపునకు 'సెకండ్ లైన్' అని పేరు.

మన పల్లెలలో అంతిమయాత్రకు డప్పు మ్రోగుట ఎఱిగినవారికి ఈ ఆచారము వింతగ తోచదు. దుఃఖమును ఒంటరిగా గాక పదిమందిలో, లయలో మోయుట ఇరుచోట్లను ఒక్కటే. ఆ నగరపు పిల్లలలో పలువురు సంగీతమును మొదట వినినది ఈ రెండవ వరుసలోనే.

వెలుగులోనికి వచ్చినవారు, రానివారు

తొలినాటి వారిలో కార్నెట్టు వాద్యకుడు బడ్డీ బోల్డెన్ పేరు పెద్దది. 1877లో జన్మించి, ముప్పది యేండ్లు నిండక మునుపే ఊరినెల్ల ఊపివైచి, 1907లో మతి చలించి ఆసుపత్రి పాలై, 1931లో అచ్చటనే కన్నుమూసెను. ఆయన వాద్యము ఒక్క రికార్డుపైనను నేటికి దొరకలేదు. మొదటి జాజ్ రికార్డు 1917లో వెలువడెను. దానిని వాయించినవారు ఈ నగరమునుండి పోయిన తెల్లవారి మేళము. విద్యను పెంచిన నల్లవారికి ఆ తొలి ఖ్యాతి దక్కలేదు.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగు 1901లో ఈ నగరమున నిరుపేద ఇంట జన్మించెను. చిన్ననాడు కార్నోఫ్‌స్కీ యను యూదు కుటుంబము వారి బండిపై పాతసామానులు, బొగ్గులు అమ్ముటకు తోడుపోవుచు తగరపు బూర ఊదెడివాడు. 1912 డిసెంబరు 31వ తేదీ రాత్రి వేడుకలో తుపాకి గాలిలో పేల్చినందులకు ఆ బాలుని అనాథ బాలుర గృహమునకు పంపిరి. అచ్చటి బ్యాండు గురువు పీటర్ డేవిస్ అతనికి కార్నెట్టు నేర్పెను. శిక్షగా పోయినచోట విద్య దొరకెను. 1922లో గురుతుల్యుడైన కింగ్ ఆలివరు పిలువగా షికాగోకు పోయి, తుదకు జగత్ప్రసిద్ధుడయ్యెను. 1971లో మరణించెను. 2001లో ఆ నగర విమానాశ్రయమునకు ఆయన పేరు పెట్టిరి. కాని ఆయన పుట్టిన ఇంటిని 1964లోనే పడగొట్టిరి. కార్నోఫ్‌స్కీల అంగడి భవనము 2021లో తుపానునకు కూలిపోయెను. విగ్రహము నిలుపుట సులభము. ఇల్లు నిలుపుట కష్టము.

నిలుపుకొన్న విధము

1930 నాటికి లోకము జాజ్‌ను వేఱు దారులలో నడిపించెను. పెద్ద పెద్ద వాద్యబృందములు వచ్చెను. పాత బాణీ వృద్ధులు వాద్యములను మూలబెట్టి కూలిపనులకు పోయిరి. బంక్ జాన్సన్ అను ట్రంపెట్టు విద్వాంసుని అభిమానులు వెదకి పట్టునాటికి ఆయనకు పండ్లూడి యుండెను. కట్టుడు పండ్లు పెట్టించిన పిదప 1942లో ఆయన మఱల రికార్డులకు వాయించెను.

1958లో టులేన్ విశ్వవిద్యాలయము జాజ్ భాండారమును స్థాపించి వృద్ధుల నోటిమాటలను రికార్డు చేయించెను. 1961లో సెయింట్ పీటర్ వీధిలోని ఒక పాత భవనమున ప్రిజర్వేషన్ హాలు వెలసెను. అలన్ జాఫీ, సాండ్రా జాఫీ దంపతులు దానిని నడిపిరి. అచ్చట విలాసములు లేవు; బల్లలు, నేలపై కూర్చుండు తావు, ఎదుట వృద్ధ విద్వాంసులు - అంతే. తెల్లవారును నల్లవారును ఒకచోట కూడుటకు సమాజము ఒప్పని ఆ రోజులలోనే ఆ గదిలో ఇరువురును ప్రక్కప్రక్కన కూర్చుండి వినిరి. 1967లో పక్షవాతము వచ్చి ఎడమచేయి పడిపోయిన పిదపను, స్వీట్ ఎమ్మా బారెట్ అనెడి వృద్ధురాలు కుడిచేతితోనే పియానో వాయించుచు వచ్చెను. ఆ హాలు నేటికిని నడచుచున్నది. అదే 1967లో స్వీడను దేశమునుండి వచ్చి స్థిరపడిన లార్స్ ఎడెగ్రాన్, రాబిషో మేళపు పాత అచ్చుప్రతులను వెలికిదీసి, న్యూ ఆర్లియన్సు రాగ్‌టైము ఆర్కెస్ట్రాను స్థాపించెను.

అయినను వృద్ధులను కాపాడుట వేఱు, విద్యను కాపాడుట వేఱు. ఈ భేదమును గుర్తించిన మహనీయుడు డానీ బార్కర్. 1909లో ఈ నగరమున పుట్టి, న్యూయార్కులో ముప్పది యైదేండ్లు బాంజో, గిటారు వాయించి, 1965లో స్వస్థలమునకు మరలివచ్చెను. ఊరేగింపు మేళములలో అందఱును ముసలివారే యుండుట ఆయన గమనించెను. ఆ దశకముననే క్లెయిబర్న్ అవెన్యూలోని ఓక్ చెట్ల వరుసలను నఱకివైచి, వాటి స్థానమున ఎత్తైన మోటారు వంతెనను కట్టిరి. నల్లవారి పండుగలకు, ఊరేగింపులకు నీడయైన వీధి అది.

1970 ప్రాంతమున ఫెయిర్‌వ్యూ బాప్టిస్టు చర్చి ఆశ్రయమున బార్కర్ పిల్లల బ్యాండు నొకదానిని ఏర్పఱచెను. లిరాయ్ జోన్సు అనెడి పండ్రెండు పదమూడేండ్ల బాలుడు దానికి నాయకుడు. పిల్లలకు వాద్యమొక్కటే గాక, ఊరేగింపులో నడచు తీరు, టోపీ పెట్టు తీరు, పాట వెనుకనున్న కథ కూడ నేర్పిరి. ఆ బాలురలో పలువురు పెద్దవారై ప్రసిద్ధ విద్వాంసులైరి. ఆ శాఖనుండియే 1977లో డర్టీ డజన్ బ్యాండు వచ్చెను. దాని ప్రేరణతో 1983లో ట్రెమే పేటలోని ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులు రీబర్త్ బ్యాండు స్థాపించిరి. పాత పాటలకు వీరు క్రొత్త నడకలు చేర్చిరి. కొందఱు పెద్దలు ఇది సంప్రదాయము కాదనిరి. కాని పిల్లల చేతిలో పడిన విద్య కొంత మాఱక తప్పదు. మాఱుట ఆగిన విద్యకు ప్రదర్శనశాలలోనే చోటు.

2005 ఆగస్టు 29వ తేదీన కత్రినా తుపాను విరుచుకుపడెను. కట్టలు తెగి నగరమున సుమారు నూటికి ఎనుబది వంతులు నీట మునిగెను. విద్వాంసులు ఇండ్లను, వాద్యములను కోల్పోయి దేశము నలుమూలలకు చెదరిరి. సంగీతమునకు తుదిగడియ వచ్చినదని లోకమనుకొనెను. కాని కొలది మాసములలోనే ఊరేగింపులు మొదలయ్యెను. దూరపు ఊళ్లలో తల దాచుకొన్నవారు ఆ ఒక్కనాటి నడకకై ప్రయాణము చేసి వచ్చిరి. దాతలు, స్వచ్ఛంద సేవకులు కలిసి 'మ్యుజీషియన్స్ విలేజి' అను పేర 72 ఇండ్లు కట్టిరి. దాని నడుమ 2011లో పిల్లలకు సంగీత కేంద్రము తెఱచిరి.

మనకు తోచిన మాట

ఇదే నగరమున మఱియొక సంపద యుండెను - క్రియోల్ భాష. 1921లో లూయీసియానా రాజ్యాంగము ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు తప్ప వేఱు బోధనభాష లేకుండ చేసెను. ఇంటి భాష మాటలాడిన పిల్లలకు బడులలో దండనలు పడెను. ఆ బాధపడిన పిల్లలు తల్లిదండ్రులై, తమ పిల్లలకు ఆ చిక్కు వలదని ఇంటను ఇంగ్లీషే మాటలాడిరి. 1968లో రాష్ట్ర ప్రభుత్వము ఫ్రెంచి పునరుద్ధరణకు ఒక మండలిని నియమించు నాటికి రెండు తరములు గడచిపోయెను. నేడు ఆ నగర వీధులలో క్రియోల్ మాతృభాషగ వినబడుట మిక్కిలి అరుదు. కొన్ని పాత జాజ్ పాటలలో మాత్రము ఆ మాటలు మిగిలి యున్నవి. పాడువారిలో పెక్కుమందికి వాటి అర్థము తెలియదు.

ఒకే ఊరు, ఒకే జనము, ఒకే శతాబ్దము. సంగీతము నిలిచినది, భాష నిలువలేదు. కారణములు పెక్కు గలవు గాని, ఒకటి మాత్రము స్పష్టము: సంగీతమును పెద్దలు పిల్లల చేతికిచ్చి వీధిలో నడిపించిరి, భాషను బడి వాకిట ఆపివైచిరి, పిదప ఇంటనే దాచివైచిరి. రాష్ట్రభాష నేర్వవలసినదే, ఇంగ్లీషు నేర్వవలసినదే. న్యూ ఆర్లియన్సు క్రియోలులు స్వరలిపియు నేర్చిరి, చెవి విద్యయు నేర్చిరి, ఒకటి రెండవదానికి అడ్డు రాలేదు.

తెలుగు మాధ్యమ పాఠశాలలో నేడు కూర్చున్న విద్యార్థి ఆ ఊరేగింపులోని రెండవ వరుసవాడు. ముందు మేళము నడచుచున్నది. అవ్వ చెప్పెడి సామెత, తాత పాడెడి పద్యము, అమ్మ పిలిచెడి పిలుపు అందలి వాద్యములు. వెంట నడచినవాడే రేపు ముందు వరుసకు రాగలడు. ఈ రాత్రి భోజనమైన పిదప మీ యింటి పెద్దలను ఒక పాట గాని, ఒక పద్యము గాని, ఒక కథ గాని అడిగి, మీ నోట మఱల చెప్పి చూడుడని మా కోరిక.